తరుగు

గుంటూరు మిర్చి యార్డులో
కాటా గుమస్తా ఖుద్దూస్ మామ
చిట్టా వెనక పేజీల్లో టిక్కీల లెక్క ఉండదు.

నలభై ఎనిమిది, లండన్: మనకొకటి, వాళ్ళకి రెండు.
పక్కన సన్నగా, "బూట్లు లేవు. పెనాల్టీలు రెండూ పోయాయి."
యాభై ఒకటి, ఢిల్లీ: బంగారం. జమ.
యాభై రెండు, హెల్సింకి: ఒకటికి పది.
"చలి" అని రాసి, కొట్టేశాడు.
కాటా మనిషికి సాకులు పడవు.

యాభై ఆరు, మెల్‌బోర్న్: నాలుగో స్థానం.
అరవై రెండు, జకార్తా: మళ్ళీ బంగారం.
మూడోనాడు బజ్జీల పొట్లం విప్పితే
నూనె మరకల కింద తెలిసిందట.

అక్కణ్ణించి పేజీలు
తుమ్ముకుంటూ తిప్పాలి.
కారం దుమ్ము, ఖాళీ గళ్ళు.

"మరి యాభైలో ప్రపంచ కప్పు?"
"పిలుపొచ్చింది. వెళ్ళలేదు.
కాటా ఎక్కని సరుక్కి
తరుగెంతని రాయన్రా?"

లారీలు పోయాక
తొడిమలు ఊడ్చిన సిమెంటు మీద
రెండు టిక్కీలే గోలుపోస్టు.
హమాలీల పిల్లలం. ఒట్టి కాళ్ళు,
మడమల్లో మంట.
నేను కొట్టింది గోనెకి రాసుకుని లోపలికెళ్ళింది.
గోల్! అన్నాను.
మామ చెవి మీది పెన్సిల్ తీశాడు,
మళ్ళీ పెట్టేసుకున్నాడు.
"తేమ ఉంది. ఇంకోటి కొట్టు."