చిల్లర

పొద్దున ఏడింటికి నా పని మొదలవుతుంది.
లోపలి గదిలో కత్తి వాళ్లది,
బయటి బల్ల మీద కాగితం నాది.
పోయినవాళ్ల గురించి
ఉన్నవాళ్లని ముప్పై ప్రశ్నలు అడగడం నా ఉద్యోగం.

సావో పావ్లోలో జూన్ నెల.
వారం రోజులుగా గాలి కదల్లేదు.
ఎవరో నగరం మీద మూత పెట్టి
మర్చిపోయి ఊరెళ్లినట్టుంది.

ఇవాళ ఇరాసీ వచ్చింది.
చేతిసంచిలో భర్త కళ్లజోడు.
సంతకాలేమైనా పెట్టాల్సి వస్తుందేమోనని
అలవాటు కొద్దీ తెచ్చిందట.

సిగరెట్లు తాగేవారా?
"పెళ్లికి ముందు ఒకటి కాల్చి వాంతి చేసుకున్నాడు. అంతే."
కట్టెల పొయ్యి?
"గ్యాసు."
రాళ్ల క్వారీలోగాని, బొగ్గు బట్టీలోగాని పనిచేశారా?
"బస్సులో. కండక్టరు.
గ్రజావూ నుంచి నగరం నడిబొడ్డు దాకా, మళ్లీ వెనక్కి.
ముప్పై ఒక్క ఏళ్లు."

రోజుకి ఎన్ని గంటలు ట్రాఫిక్‌లో?
ఈ ప్రశ్నకి అందరూ పైకప్పు కేసి చూస్తారు.
ఆవిడ మాత్రం వేళ్లు మడిచింది.
"డ్యూటీ ఎనిమిది. పోవడానికి గంటన్నర, రావడానికి రెండు.
ఇవి కూడా కలపాలా?"
కలపాలి.
"ఆదివారాలు కలపకు.
ఆదివారం నా దగ్గరుండేవాడు."

తర్వాత నేనడగనివి చెప్పింది.
చొక్కా మెడపట్టీ ఎంత ఉతికినా నలుపు వదిలేది కాదని.
ఎవరికైనా ఐదు సెంటావోలు బాకీ పడితే
మర్నాడు అదే స్టాపులో మొహం గుర్తుపట్టి ఇచ్చేవాడని.
మెట్లెక్కుతూ మధ్యలో ఆగేవాడట,
బూటు లేసు కట్టుకుంటున్నట్టు వంగి.
"తర్వాత లేసుల్లేని బూట్లు కొనుక్కున్నాడు.
అప్పుడూ వంగేవాడు.
నేనూ అడగలేదు."
ఈ మాటకి నా కాగితంలో గడి లేదు.
అంచున రాసుకున్నాను.

లోపల్నుంచి జుసారా పిలిచింది. రా, చూడు.

తిత్తి అంటే తిత్తే. కొలిమి దగ్గర
గాలి మింగి నిప్పుకిచ్చే తోలుసంచి లాంటిది.
ఈ ఊపిరితిత్తి మాత్రం
ఎవరి నిప్పో మిగిల్చిందంతా దాచుకుంది.
బూడిద రంగు మీద నల్లనువ్వులు చల్లినట్టు
చుక్కలు, చుక్కలు,
కొన్నిచోట్ల కలిసిపోయి మరకలు.
"రోజుకో పెట్టె కాల్చినవాడిది అనుకుంటావు," అంది జుసారా.
"ఎన్నని రాశావు?"
సున్నా.

జెనివాల్దు, ఎవరికీ చిల్లర ఎగ్గొట్టని మనిషి.
నీకు మాత్రం ఈ నగరం
ప్రతి స్టాపులో, ప్రతి ఎర్రదీపం దగ్గర
కంటికానని నల్ల చిల్లర లోపల వేస్తూ పోయింది.
లెక్క చూసుకోమని ఒక్కసారీ అనలేదు.

బయటికొచ్చేసరికి ఆవిడ లేచి నిలబడింది.
"ఆస్పత్రిలో గుండె అన్నారు. గుండేనా?"
గుండే. కానీ గుండె ఒక్కటే కాదు.
రిపోర్టుకి కొన్ని నెలలు పడుతుందన్నాను.
తల ఊపింది. తలుపు దాకా వెళ్లి
నా కేసి తిరగకుండానే అంది,
"ఆ బస్సు రోజూ నిండుగా ఉండేది."

సాయంత్రం నేనెక్కిందీ నిండుగానే ఉంది.
కండక్టరు సీట్లో ఎవరూ లేరు,
పక్కన కార్డు గీకే యంత్రం.
వంతెన మీద నలభై నిమిషాలు ఆగిపోయాం.
ముందు లారీ వెనక గొట్టం
మా కిటికీ ఎత్తుకి సరిగ్గా ఉంది.
ఎవరి ఒళ్లోనో స్కూలు యూనిఫాంలో పిల్లాడు
నోరు తెరిచి నిద్రపోతున్నాడు.

వేళ్లు మడవడం మొదలుపెట్టాను.
పోవడానికి గంటా పది. రావడానికి రెండు.
పంతొమ్మిదేళ్లు.
ఆదివారాలు తీసెయ్యబోయి గుర్తొచ్చింది,
ఆదివారం మా అక్క ఇంటికీ ఈ బస్సే.

సంచిలో చెయ్యి పెడితే కళ్లజోడు తగిలింది.
ఆవిడ బల్ల మీదే వదిలేసింది.
అద్దం మసగ్గా ఉంటే చొక్కా అంచుతో తుడిచాను.
తుడిచిన చోటు చూడలేదు.
రేపు ఫోన్ చెయ్యాలి.