బోరు అంటే

ఎనిమిదో తరగతి, మూడో పీరియడ్.
'ఐ యామ్ బోర్డ్' అని రాసి
తెలుగుల చెప్పుండ్రి అన్న.
వెనక బెంచి నుంచి నేనావత్ సరిత లేచింది:
"నాకు బోరు ఏసిండ్రు, మేడం."

నవ్విన. నాతోటి క్లాసంత నవ్వింది.
సరిత నవ్వలె.
తప్పేందో తెల్వక నిలబడే ఉన్నది
నేను కూసోమనేదాక.

మాది మిర్యాలగూడ దిక్కు, కాల్వ కింద ఊరు.
మాకు బోరు కొట్టుడంటే
ఎండకాలం సెలవులల్ల తిన్న పల్లీలే తినుడు,
చూసిన సినిమానే మళ్ల చూసుడు.
దేవరకొండ అవతల ఈ గుట్టలల్ల
బోరు కొట్టుడంటే
బర్రెనమ్ముడు, చెవుల కమ్మలు కుదువవెట్టుడు,
రాత్రంత లారీ మోత.

ఆ వారమే తండాకు బండి వచ్చింది.
"మీరూ రాండ్రి మేడం, లోతు రాసేది నేనే" అన్నది.
పోయిన.

పాయింట్ అంటే చుక్క అని చెప్పినదాన్ని నేను.
ఆడ పాయింట్ అంటే
చింతపల్లి నుంచి వచ్చిన ముసలాయన అరచేతిల
పండుకున్న టెంకాయ లేచి నిలబడ్డ జాగ.
ఫీజు వెయ్యిన్నూటపదార్లు.
టెంకాయ గూడ ఆయనకే.

బండోళ్లు తమిళోళ్లు.
తండోళ్లది లంబాడీ మాట.
నడుమ తెలుగు సగమే పనిచేసింది,
మిగిలిన సగం ఇంగ్లీషే:
ఫీటు, రాడ్డు, కేసింగు, గ్యాపు, డీజిలు, బ్యాలెన్సు.
ఇరవై ఏండ్ల సంది నేను చెప్తున్న టెన్సులు
ఒక్కటి గూడ అక్కరకు రాలె.
మూడొందలదాక ఒక రేటు, దాటితె ఇంకో రేటు.
ఎవ్వలూ ఎవ్వల మాటా తప్పు పట్టుకోలె.

సరిత నులకమంచం మీద కూసుండి
నా సబ్జెక్టు నోటుబుక్కులనే, వెనక పేజీల రాస్తున్నది.
ట్వంటీ, ఎర్రమన్ను.
నైంటీ, మెత్తరాయి.
త్రీ హండ్రెడ్, నల్లరాయి.
పరీక్షల ఎప్పుడూ హండ్రెడ్‌ల ఒక 'డి' మింగేసే పిల్ల
ఆ రాత్రి ఒక్కటి గూడ మింగలె.

ఫోర్ సిక్స్టీ కాడ తెల్లదుమ్ము లేచింది.
మా తలల మీద, సల్ల గిన్నె మీద,
కట్టేసిన మేకల మీద.
వాళ్ల నాయన పంతు పిడికెడు దుమ్ము పట్టి
పిసికి చూసిండు,
ముద్ద కడతదేమోనని.

ఇంజను బందైంది.
బండాయన చేతులు తుడుసుకుంట
"డ్రై" అన్నడు.

పంతు బిడ్డ దిక్కు చూసిండు. అంటే ఏంది, అని.
తెల్వక కాదు. అది నాలుగో బోరు.
ఆ మాట నాకంటె బాగా ఎరుకే ఆయనకు.
బిడ్డ చదువుకున్నది గదా,
ఆమె నోట్ల దానికి ఇంకో అర్థమేమన్న ఉంటదేమోనని.

డ్రై. ఒక్కటే అక్షరం.
పొడి అని అర్థం. జూన్‌ల నేనే రాయించిన.

సరిత వాళ్ల భాషల చెప్పుడు మొదలువెట్టింది.
చెప్తనే ఉన్నది.
తండ్రి భుజం మీది దుమ్ము దులుపుకుంట,
నడుమ ఒకసారి గుట్ట దిక్కు చెయ్యి చూపెట్టి,
ఒకసారి కొంచెం నవ్వి గూడ,
చానసేపు చెప్పింది.

నాకు ఒక్క ముక్క సమజ్ కాలె.
పంతుకైంది.
లేచి, బండోళ్లకు చాయ్ పెట్టుమని
ఇంట్లకు కేకేసిండు.

సోమవారం మళ్ల అదే పాఠం.
బోర్డ్ అంటే విసుగు వచ్చుట, అని బోర్డు మీద రాసిన.
అందరు రాసుకున్నరు.
సరిత గూడ రాసుకుని, కింద గీత కొట్టి,
చెయ్యి లేపింది.
"విసుగంటే ఏంది మేడం?
ఎప్పుడొస్తది?"