ఆవిరి పట్టని అద్దం

గోడలకు చెవులుంటాయంటారు గదా,
వాటికి కన్ను పెట్టే పని నాది.

మతోజిన్యుష్‌లో రేవు వెనక వీధి,
మూడో అంతస్తు, లిఫ్టు లేదు.
భుజాన డ్రిల్లు సంచి,
చంకలో ఇరవై రెండంగుళాల అట్టపెట్టె,
మెట్టుమెట్టుకీ సార్డీన్ చేపల వాసన.

తలుపు తీసింది అదెరీతు.
ఓడల మీంచి కంటెయినర్లు దించే క్రేను మనిషి.
రాత్రంతా ఆకాశంలో కూచుని
తెల్లారాక తొట్టిలో కూలబడతాడు.
"రాత్రి పోగొట్టుకున్న మ్యాచ్
పొద్దున నీళ్ళలో కూచుని చూడాలి" అన్నాడు,
తిరునాళ్ళలో బూర కోసం మారాం చేసే పిల్లాడిలా.

లియొనిల్ద్ ఏమీ అనలేదు.
కాఫీ ఇచ్చింది.
చక్కెర రెండుసార్లు వేసింది, మర్చిపోయి.

పాత అద్దం దించాను.
ఒక మూల పెచ్చు లేచింది, అంచంతా తుప్పు.
తొట్టికి ఆనించి నిలబెట్టాను.
గోడకున్న నీలి పలకల మీద టేపు అతికించి,
తడుపుతూ, ఆగుతూ, తడుపుతూ
డ్రిల్లు దించాను.
తొందరపడితే పలక పగులుతుంది,
ఆ నీలం మళ్ళీ ఏ కొట్లోనూ దొరకదు.

పన్నెండు వోల్టులే, భయం లేదని చెప్పాను.
ట్రాన్స్‌ఫార్మర్ బయట, విడిచిన బట్టల బుట్ట పైన.
గాజు వెనక వెచ్చటి రేకు ఒకటుంటుంది,
ఆవిరిని దరిదాపులకి రానివ్వదు.
మా కంపెనీ గొప్పగా చెప్పుకునేది ఈ ఒక్క ముక్కే.

పరీక్ష చేయాలి కదా.
వేణ్ణీళ్ళ కుళాయి పూర్తిగా తిప్పి తలుపేశాను.
గది మబ్బైపోయింది.
టీవీ మాత్రం కడిగిన ముత్యం.
ఎవడో వ్యాఖ్యాత
రాని గోలు కోసం గొంతు చించుకుంటున్నాడు.

అప్పుడు కింద,
తొట్టికి ఆనిన పాత అద్దంలో
అక్షరాలు లేచాయి.
వేళ్ళతో రాసినవి, ఒకదాని మీద ఒకటి,
ఎన్నిసార్లు తుడిచినా జిడ్డులా మిగిలినవి:

చేప ఫ్రిజ్‌లో ఉంది.
గురువారం గ్యాసు వాడొస్తాడు.
నీ దగ్గు తగ్గిందా?
ఇంకా కోపమేనా?
దాని కింద వేరే చెయ్యి, లావు వేలు:
కొంచెం.

అతను క్రేను దిగే వేళకి
ఆమె క్యానరీలో చేపల తలలు కోస్తుంటుంది.
ఆమె ఇల్లు చేరేసరికి అతను ఒళ్ళెరగని నిద్ర.
ఇంత కాపురమూ
ఆవిరి మీద నడిచిందన్నమాట.

ఎప్పుడొచ్చిందో, గుమ్మంలో లియొనిల్ద్.
నేను చదివానని ఆమెకి తెలిసింది.
నీళ్ళ చప్పుడొక్కటే కాసేపు.
వంగి కుళాయి కట్టింది.
ముందు గ్యాసు వాడు పోయాడు, తర్వాత చేప.
"కొంచెం" చాలాసేపు పోలేదు.

"పాతది కిందికి తీసుకుపోయి పారేస్తావా?"
వంటింట్లోంచి అదెరీతు కేక.
జవాబు రాకపోయేసరికి తనే వచ్చాడు,
అద్దం చూశాడు, ఆమెని చూశాడు.
అంత పెద్ద మనిషికి చెవులు ఎర్రబడ్డాయి.

నేను మాట్లాడలేదు.
తలుపు వెనక, ఆమె భుజాల ఎత్తున,
మరో రెండు కన్నాలు వేశాను.
బిల్లులో ఎక్కించలేదు.

రెండు నెలలకి మళ్ళీ పిలిచారు,
రిమోటు తొట్టిలో మునిగిందని.
ఆరబెట్టి, బ్యాటరీలు మార్చి,
చేతులు కడుక్కుందామని తలుపు చేరేశాను.
ఆవిరింకా పోలేదు:

సౌండు తగ్గించి చూడు.
పక్కింటి ముసలాయన నన్ను స్కోరు అడుగుతున్నాడు.

కింద లావు వేలు:
చెప్పు. మూడు ఒకటి. మనమే.