అరిగిన వైపు

మా వంటింట్లో ఇప్పుడు రెండు ప్రెషర్ కుక్కర్లు.
ఒకటి బీన్సుకి. ఒకటి నాది.
పొరపాటున నాది పొయ్యెక్కిందా,
ఆ రోజునుంచి నీ కంచం వాకిట్లోనే మిల్టన్, అంటుంది నిబియా.

నా కుక్కరు మూతకి బెజ్జం, బెజ్జానికి గొట్టం,
గొట్టం చివర చచ్చిన ఫ్రిజ్‌లోంచి ఊడబెరికిన కంప్రెసర్.
గాలి లాగేస్తుంది.
లోపల తెల్లటి సిలికాన్
పాలు పొంగినట్టు అంచుదాకా పొంగి,
ఇక ఒలికిపోతుందనగా
ఏదో గుర్తొచ్చినదానిలా కుంగిపోతుంది.
ముప్పై నాలుగేళ్ళు తోళ్ళ కర్మాగారంలో చేశాను.
ఇంత నిండుగా ఊపిరి వదిలినవాణ్ణి అక్కడ చూళ్ళేదు.

జులై వానలో వచ్చింది సుల్మా టెచేరా,
చంకలో ఫ్లాస్కు, చేతిలో మాతే బుర్ర,
కోటు జేబులో, పేపరు ముక్కలో చుట్టిన
క్లచ్ పెడల్ రబ్బరు.
నలభై ఏడు నాటి ట్రక్కు.
దాన్ని చేసిన కంపెనీ లేదు,
ఆ కంపెనీని కొన్న కంపెనీ కూడా లేదు.
"ఇలాంటిదే ఒకటి" అని వెళ్ళిపోయింది.

ఇలాంటిదే.

దీపం కింద పెట్టి చూశాను.
కుడి సగం దున్నిన చేను, చాళ్ళు చాళ్ళుగా.
ఎడమ సగం
చప్పరించి వదిలేసిన బిళ్ళలా నున్నగా.
వాళ్ళ నాన్న సాల్తో నుంచి నారింజలు తోలేవాడు ఇందులో.
ఎడమకాలు వంకర, చిన్నప్పటి పోలియో.
పాదం అంచుతో తొక్కేవాడు.
పైసందూలో అందరికీ తెలుసు ఆ నడక.
ఆ నడక కూర్చుంటే ఎలా ఉంటుందో
ఆ రాత్రి నాకొక్కడికే తెలిసింది.

అచ్చు దేన్నీ ఎంచదు.
ఉన్న గీత, పోయిన గీత, వెంట్రుక, గోటినొక్కు,
అన్నిటికీ అదే మర్యాద.
అరిగినదాన్ని పోస్తే కొత్తగా అరిగినదే పుడుతుంది.
మైనంతో పూడ్చి గీతలు చెక్కితే
రబ్బరు వస్తుంది, ఆయన కాలు పోతుంది.
మూడు రోజులు చెయ్యి రాలేదు.
నాలుగోరోజు, పూడ్చకుండానే,
మనవడి ప్లాస్టిక్ ఇటుకలతో గోడ కట్టి
వాడి బంకమట్టితోనే సందులు మూసి, పోశాను.
పదహారు గంటలు ఆగి చూస్తే
మట్టి తగిలిన చోటల్లా జిగురు.
మట్టిలో గంధకం ఉంది. అది తగిలితే సిలికాన్ పేరదు.
డబ్బా మీద రాసే ఉంది.
కళ్ళజోడు పెట్టుకోలేదు నేను.

ఫోన్ చేశాను, గొంతు సవరించుకుని:
మీ నాన్న గుర్తు ఉంది దీని మీద. ఉంచేదా?
అవతల కుక్క అరిచింది. బకెట్లో నీళ్ళు పడుతున్న చప్పుడు.
"వానొస్తే నా కాలు జారుతోంది మిల్టన్.
మొన్న బడి ముందు జారింది.
పూడ్చెయ్."

పూడ్చాను.
మైనం నింపి, పాత దువ్వెనతో గీతలు దువ్వి,
ఈసారి మంచి మట్టి, కళ్ళజోడు,
రెండు ముక్కల అచ్చు, నడుమ వాజలీన్,
లేకపోతే ఆ రెండూ ఒకటైపోయి ఇక విడిపోవు.
ఆ తర్వాత అసలు రబ్బరు:
ఈ సీసాదో పాలు, ఆ సీసాదో పాలు, చిటికెడు నలుపు.
కలిపిన క్షణంనుంచి ఎనిమిది నిమిషాలు.
నది తేమ పడదు దానికి, కిటికీలన్నీ మూశాను.
ఆ ఎనిమిది నిమిషాలూ నన్నెవరూ ఏమీ అడక్కూడదు.
ఏడో నిమిషంలో నిబియా,
"నా కుక్కరేదీ?"

మర్నాడు విప్పితే నల్లగా, బరువుగా,
గోరు గుచ్చితే గోటిని వెనక్కి నెట్టేంత పట్టు.
గీతలన్నీ వచ్చాయి.
ఎడమ మూల, చివరి గీత పక్కన,
సన్నటి సుడులేవో.
భూతద్దం పెట్టి చూస్తే
నా బొటనవేలే. మైనం నొక్కినప్పుడు పడ్డది.

బ్లేడు తీశాను. మళ్ళీ సొరుగులో పెట్టేశాను.

సుల్మా బిగించుకుంది, రెండుసార్లు తొక్కింది,
డబ్బు లెక్కపెట్టి ఇచ్చింది.
"పట్టు బావుంది" అని గేరు వేసింది.
వచ్చే చలికాలానికి అరిగిపోతుందిలే ఆ సుడి.
ఆమె ఏ అంచుతో తొక్కుతుందో మరి,
నేను చూళ్ళేదు.