తరుగు

సైదులు సార్ ముందే చెప్పిండు:
"అందరికీ పదితోనే మొదలక్కా.
ఎక్కంగనే చేతిల పది పెడ్తరు,
దిగేదాకా ఒక్కొక్కటి గుంజుకుంటరు."

నాకు నవ్వొచ్చింది.
మా వేములపల్లి దిక్కు వడ్ల కేంద్రంల
తేమ మిషన్ పట్టేది నేనే.
పదిహేడు దాటితే కొయ్యాలె,
తాలుంటే కొయ్యాలె, మట్టిపెల్లుంటే కొయ్యాలె.
నిండుగ వచ్చిన బస్తాను తక్కువ చేసుడు
మూడు సీజన్ల సంది నాకు తెల్వని విద్యనా?

నల్లగొండ హాలు కిటికీలకెళ్ళి
లతీఫ్ సాబ్ గుట్ట సగమే కనబడ్తది.
టేబుల్ కాడ నలుగురు, నీలం కోట్లు.
ఒకామె పెన్సిలు చెక్కుకుంటున్నది,
తొక్కు మామిడికాయల ముంగట
కత్తి పదును చూసుకున్నట్టు.

నా బిడ్డ లహరి బీమ్ ఎక్కింది.
బెత్తెడు కట్టె, దాని మెడదాకా ఎత్తు.
ఇన్నాళ్ళు వాకిట్ల
ముగ్గుపిండితోని గీసుకున్న గీత మీదనే దుంకింది.
కోళ్ళు అడ్డమొస్తే ఆగి, మళ్ళ మొదటికెళ్ళి.
ఆ గీత మీదికెళ్ళి పడితే పిండి అంటుతది, అంతే.
ఇక్కడ పడితే ఒకటి పోతది.
నిండు ఒకటి.

మోకాలు ఇంత వంగింది, పాయింట్ ఒకటి.
వేళ్ళు సూదిలెక్క సాగలే, ఇంకో పాయింట్ ఒకటి.
నడుం ఊగింది, చేతులు గాలిని పట్టుకున్నయి,
పాయింట్ మూడు.
నా కండ్లకు అందనివి ఇంకెన్నో.
తిరుగుతుంటే
పడ్డది.

హాలంత అయ్యో అన్నది.
పెన్సిలు అనలే.

తెల్లపొడి అరచేతులకు రుద్దుకొని మళ్ళెక్కింది.
దిగినంక ఒక్కడుగు ముందుకేసింది.
పదేండ్లల నా బిడ్డ వేసిన లక్షల అడుగులల్ల
ఎవ్వరూ ఒక్కటి రాయలే.
ఇదొక్కటే రాసిండ్రు.

ఏడు పాయింట్ రెండు.

నేను లేచి పోయిన.
"ఎందుకు కోసిండ్రో చెప్పుండ్రి మేడం."
"పేరెంట్స్ ఇటు రావద్దమ్మా."
సైదులు సార్ వెనుకకు పిలుచుకొచ్చిండు:
"ఎంత కష్టమైంది చేసిందో, అది అడగొచ్చు.
కాయితం పెడితే మళ్ళ చూస్తరు.
తప్పుకు కోసింది మాత్రం అడగొద్దు.
రూలక్కా."

బస్సుల తిప్పర్తి దాటేదాకా తిట్టుకుంటనే ఉన్న.
లహరి సంచిలకెళ్ళి నోట్‌బుక్ తీసింది.
తారీఖేసి, ఒకదాని కింద ఒకటి, పోయినవన్నీ రాసింది.
వేళ్ళ మీద కూడింది. మళ్ళ కూడింది.
"వాళ్ళు రెండు పాయింట్ ఎనిమిది కోసిండ్రు.
నా లెక్కల తొమ్మిది వస్తున్నదమ్మా."
"అదెట్ల?"
"ఎడమకాలు. కిటికీ దిక్కుది. మడిమె దిగింది.
అటు దిక్కు ఎవ్వరు లేకుండె."
"చూడకుంటే మనకే లాభం గద, పిచ్చిదానా!"

తేమ మిషన్ల గింజలు పోసి
నేనెట్ల చూస్తనో
అట్ల చూసింది నన్ను.
"రాసుకోకపోతే రేపు దేన్ని సరిచేసుకోవాలె?"

ఇగ నేను మాట్లాడలే.
రోడ్డు పొంటి ఆరబోసిన వడ్లు.
ఒక ముసలామె పాదంతోని చాళ్ళు తీసుకుంట
అడుగు పక్కన అడుగు, చూపు నేల మీదికి,
బీమ్ మీద నడిచినట్టే నడుస్తున్నది.
ఆమెకు ఎవ్వరూ పది పెట్టరు.
కోసుడు మాత్రం మేము కోస్తం.

తెల్లారి
కాంటా కాడికి మట్టయ్య తాత వచ్చిండు.
ఎప్పుడైనా మిషన్ మొఖం నా దిక్కే ఉంటది.
అలవాటు.
ఆయన దిక్కు తిప్పిన.
"పద్దెనిమిదిన్నర, చూడు తాతా. ఇది తేమ.
ఈ గుప్పిట్ల ఇంత తాలు. నువ్వే ఊది చూడు.
కిలోన్నర పోతది. దేనికెంతో రాసిస్తున్న."

కాయితం అటు తిప్పిండు, ఇటు తిప్పిండు,
బొడ్ల చెక్కుకున్నడు.
"చూపెట్టి కోసినవ్, మంచిదే బిడ్డా."
పైతువ్వాల దులుపుకొని,
రెండడుగులు పోయి, ఆగి,

"కోసుడైతే కోసినవ్ గదా."