పొడుగయ్య మెడ

బట్టల సంచిలో చోటు లేదన్నాను.
"అయితే నా గౌన్లు తీసెయ్" అంది ఆమని.
అట్లా బయల్దేరాడు వైజాగ్‌కి పొడుగయ్య,
మూరెడు గుడ్డ జిరాఫీ.
మచ్చలు సగం వెలిసిపోయాయి,
ఒక కన్ను వాళ్ల నాన్న ఖాకీ చొక్కా గుండీ.

పేరుకే పొడుగు.
మెడలో దూది ఏనాడో అణిగిపోయి
తల ఎప్పుడూ కాళ్ల దగ్గరే,
అప్పిచ్చినవాడు ఎదురైనట్టు.

ఖమ్మంలో ఎక్కింది మొదలు రాత్రంతా
మిడిల్ బెర్తు మీంచి వేలాడుతూ
కింద పడుకున్న ముసలాయన ముక్కు మీద
రెండుసార్లు వాలాడు.
దువ్వాడ దాటాక ఆయనే తట్టి లేపాడు మమ్మల్ని,
"మీవాణ్ని కూడా లేపండి, ఊరొచ్చింది" అని.

డాబాగార్డెన్స్‌లో లాడ్జి.
కిటికీ తెరిస్తే పక్క మేడ గోడ.
పిల్ల పొడుగయ్యని చువ్వల్లోంచి బయటికి పెట్టింది:
"సముద్రం ఎటుందో చూసి చెప్పు."
తల వాలిపోయింది.
"కిందుందంట నాన్నా."
కింద అన్న మాట వింటే
మా ఆయన మొహంలో
సెలవు ఒక్క క్షణం ఆరిపోతుంది.

పద్దెనిమిదేళ్లుగా భూమి కిందే ఆయన కొలువు.
బొగ్గు తవ్వడు.
తవ్వుకుపోయాక మిగిలిన చీకట్లో
ఇసుక నింపుతాడు.
గోదారి ఇసుకలో నీళ్లు కలిపి, గొట్టంలో పంపి.
"నింపకుంటే పైకప్పు కూర్చుంటదే" అంటాడు
అన్నం కలుపుతూ కూడా.

ఆర్కే బీచిలో మొదటి సాయంత్రం.
సబ్‌మెరైన్ పెరిస్కోపు చూపించి
"దాని మెడ చూడు, ఎంత బుద్ధిగా ఉందో" అని
పిల్ల పొడుగయ్యకి చివాట్లు పెట్టింది.
మురీ మిక్చరు తిన్నాం, నిమ్మకాయ ఎక్కువైంది.
అప్పుడొచ్చిందో అల.
ఒడ్డున చెప్పులు వదిలేసి
వాణ్ని తీసుకుపోయింది.

ఆమని ఏడవలేదు.
ఏడుపుకి ముందుండే నిశ్శబ్దం,
నాకు అదే ఎక్కువ భయం.
మోకాళ్ల దాకా ప్యాంటు మడిచిన మనిషి
నడుం దాకా దిగాడు.
ఎవరో ఈల వేస్తూనే ఉన్నారు.
మూడో అల తెచ్చి ఆయన చేతిలో పెట్టింది,
మెడ కుట్టు ఊడి, దూది బయటికి వేలాడుతున్నవాణ్ని.

ఏం మాట్లాడలేదు. తడి ఇసుకలో చతికిలబడ్డాడు.
మురీ మిక్చరు పొట్లం విప్పి, గరాటులా మళ్లీ చుట్టి,
కుట్టు సందులో దోపి
గుప్పెడు ఇసుక, పుడిసెడు నీళ్లు,
గుప్పెడు ఇసుక, పుడిసెడు నీళ్లు.
వేలితో కూరి, చెవి దగ్గర పెట్టుకుని
తట్టి విన్నాడు.
గనిలో పైకప్పుని కర్రతో తట్టి వింటారని చెప్పేవాడు.
ఆయన పని చేస్తుంటే నేను చూడ్డం
పెళ్లయ్యాక అదే మొదలు.
పుస్తెల తాడుకున్న పిన్నీసు తీసిచ్చాను.

లేచింది మెడ.
పొడుగయ్య తలెత్తి చూశాడు:
డాల్ఫిన్ నోస్ కొండ, దాని మీద దీపం,
హార్బరు బయట వంతు కోసం ఆగిన ఓడలు.
"ఎన్నిరా?" అడిగాడు మా ఆయన, జిరాఫీనే.
వాడు పిల్ల చెవిలో చెప్పాడు, పిల్ల మాకు చెప్పింది,
"తొమ్మిది."
నేను లెక్కపెడితే ఏడే.

ఇల్లు చేరి నెలయింది.
పిన్నీసు సందులోంచి రోజూ కాస్త కాస్త
దుప్పటి మీద వైజాగ్ రాలుతోంది.
ఊడ్చి పారెయ్యలేక అగ్గిపెట్టెలో పోస్తున్నాను.
మెడ మళ్లీ వంగుతోంది.

నైట్ షిఫ్టు నుంచి వచ్చి
కనురెప్పల అంచున బొగ్గు కాటుకతోనే
చూసి అన్నాడు, "నింపాలె మళ్ల.
బంకరు దగ్గర బోలెడుంది, గుప్పెడు తెస్తా."
ఆమని ఒప్పుకోలేదు.

గోదారి ఇసుక పోస్తే
వాడికి ఓడలు కనిపించవంట.