చెవుల పాఠం

మాసేరు నుంచి వచ్చిన లారీ
మమ్మల్ని పదకొండుమందినీ
హా రాలెఫూ కొండ కింద దించి వెళ్ళిపోయింది.
ఆపైన దారి గుర్రానిది, లేదా కాలిది.
జూలై నెల. మోకాలి దాకా మంచు.
చేతిలో అకాడమీ ఉత్తరం:
"ఈ శిక్షణార్థిని నాలుగు వారాలు
మీ ఇంటి మనిషిలా ఉంచుకోగలరు."

మాలెరొథోలి ఆ ఉత్తరాన్ని తలకిందులుగా పట్టుకుని
చాలాసేపు చూసింది.
"బూట్లు బయట" అంది.
అంతే, నాకు దొరికిన స్వాగతం.
న్ఖోనో అని పిలవమంది,
ఇక్కడ ప్రతి నాయనమ్మనీ పిలిచినట్టే.

యూనిఫాం చొక్కా మేకుకి తగిలించాను.
పక్క మేకుకి ఆమె మొగుడి గని టోపీ.
జొహానెస్‌బర్గ్ బంగారం అడుగున
ఊపిరితిత్తులు వదిలేసి
టోపీ ఒక్కటీ ఇంటికి తెచ్చుకున్నాడట.

పరేడ్‌లో ఏనాడూ చెదరని నా నడక
నెత్తిన నీళ్ళ బకెట్ పెట్టగానే
తాగుబోతు నడకైంది.
పిల్లలు వెంటపడి అరిచారు:
"లెపొలేసా ఒలకబోసింది! లెపొలేసా తడిసింది!"
లెపొలేసా అంటే పోలీసు.
మొదటివారం ఆ మాట వింటే తలుపులు మూసుకునేవి.
రెండోవారం ఆ మాట వింటే నవ్వులు.
రెండిట్లో ఏది నయమో మా పుస్తకంలో లేదు.

రాత్రుళ్ళు పిడకల పొగ కళ్ళల్లో కారం కొడుతుంటే
మొక్కజొన్న ముద్దా ఆకుకూరా
ఒకే గిన్నెలో తినేవాళ్ళం,
నేనూ, న్ఖోనో, మనవడు సెఖోబె.
పద్నాలుగేళ్ళు వాడికి. గొర్రెలు కాస్తాడు.
దుప్పటి తప్ప ఆస్తి లేదు.
నా బూట్లకి పాలిష్ వాడే పెట్టేవాడు,
ముఖం కనపడేదాకా.

న్ఖోనో నాకు చెవులు చదవడం నేర్పింది.
లాంతరు ముందు తన చెవినే మడిచి చూపిస్తూ:
"కుడి కొసన కత్తిరింపు, మాది.
ఎడమ అంచున అర్ధచంద్రం, వాగవతలి మొఖెథి వాళ్ళది.
రెండిటికీ చీలిక ఉంటే నాయకుడిది, దాని జోలికి పోకు.
కాగితం మీవాళ్ళు రాస్తారు, మీవాళ్ళే పారేస్తారు.
చెవి అలా కాదు."

ప్రతిరాత్రీ అదే పాఠం.
ప్రతిరాత్రీ అర్ధచంద్రం దగ్గర
ఆమె వేలు కాసేపు ఆగేది.
వయసు, అనుకున్నాను.

ఇరవైమూడోనాడు మంచు ఎక్కువై
మంద రాతిదొడ్డిలోనే ఉండిపోయింది.
ఎండుగడ్డి వేయడానికి వెళ్ళి,
కొయ్యబారిన వేళ్ళు వెచ్చబెట్టుకుందామని
ఒక గొర్రె చెవి పట్టుకున్నాను.
అర్ధచంద్రం.
రెండో చెవి కొసన కొత్త కత్తిరింపు,
పక్కు ఇంకా రాలలేదు.

దొంగని పట్టడం నేర్పారు.
ఉప్పు తిన్న ఇంట్లో పట్టడం నేర్పలేదు.
గడ్డి వేశాను. లోపలికొచ్చాను. బూట్లు విప్పాను.

ఆ రాత్రి న్ఖోనో లాంతరు వెలిగించలేదు.
చీకట్లోంచి అడిగింది:
"చదివావా?"
చదివాను, న్ఖోనో.
సెఖోబె దుప్పటి కింద ఊపిరి లేదు.
నిద్రపోయేవాళ్ళు అంత నిశ్శబ్దంగా ఉండరు.
"నా నోటితో వాణ్ణి చెప్పలేను.
వాగవతలి వాళ్ళు తుపాకీ పట్టుకురాకముందే
ఎవరికైనా చదువు చెప్పాలనుకున్నాను."

పొద్దున నలుగురం వాగు దాటాం,
గొర్రె ముందు.
యూనిఫాం వేసుకోవాలో వద్దో గడపలో తేలక
వేసుకుని, పైన ఆమె దుప్పటి కప్పుకున్నాను.
ముసలి మొఖెథి గొర్రెని చూడలేదు,
దుప్పటిని చూశాడు.
చాలాసేపటికి "కూర్చోండి" అన్నాడు.
రెండు ఈతల దాకా వాళ్ళ మంద కూడా
సెఖోబె కాయాలన్నాడు నాయకుడు.
నేను తలూపాను.
ఊపే అధికారం నాకుందో లేదో ఇప్పటికీ తెలీదు.

మాసేరులో ఫారం నింపమన్నారు.
'సమాచారం ఇచ్చినవారు' అన్న గడిలో
గొర్రె అని రాశాను.
సార్జెంట్ ఎర్రసిరాతో కొట్టేసి
"మనిషి పేరు రాయి" అన్నాడు.

రాయలేదు. మార్కులు తగ్గాయి.
బూట్లకి నేనే పాలిష్ పెట్టుకుంటున్నాను.
ఎంత రుద్దినా
ముఖం కనపడదు.